ఇంటిపట్టున ఉండుమనువారితో

ప్రేగునకు దారుణవ్యాధి సోకి, శస్త్రవైద్యులు చెడిన భాగమును తొలగించి, మిగిలిన ప్రేగు కొనను ఉదరకుడ్యముగుండ వెలుపలికి తెచ్చి కుట్టి, దానిమీద ఒక సంచి నమర్చి పంపిన మనుష్యుడు, ఆరోగ్యము కుదుటబడిన పిమ్మట, ఒక ధర్మకార్యమునకు ధనము కూర్చుటకై మారథాన్ పరుగెత్తెదననియో, పర్వతమెక్కెదననియో, విమానమునుండి పారాచూట్‌తో దూకెదననియో చెప్పినచో, అతని చుట్టునున్న లోకము ఏకకంఠముతో పలుకు మాట ఒకటి కలదు: “బతికి బట్టకట్టావు, అదే పదివేలు, ఇక ఇంటిపట్టున ఉండరాదా?” ఈ మాట పలుకువారిలో తల్లులుందురు, భార్యలుందురు, మేనమామలుందురు, ఒక్కొక్కప్పుడు వైద్యులును ఉందురు. వారి వాత్సల్యమును నేను శంకింపను. కాని వాత్సల్యమునుండి వెలువడినంతమాత్రమున ఒక అభిప్రాయము సత్యము కానేరదు. ఇది వైద్యశాస్త్రము చెప్పినది కాదనియు, దీని వేళ్లు శరీరధర్మములయందు గాక జుగుప్సయందును, రోగియైనవాడు పుచ్చుకొనుటకే గాని యిచ్చుటకు తగడను పాతనమ్మకమునందును పాతుకొని యున్నవనియు నా వాదము.

మొదట ప్రతిపక్షమునకు న్యాయముగా చెల్లవలసినది చెల్లించెదను. ఒకానొక కాలమున ఈ అభిప్రాయమునకు ఆధారము లేకపోలేదు. 1793లో ఫ్రాన్సుదేశపు బ్రెస్ట్ నగరమున డ్యూరె అను శస్త్రవైద్యుడు, మలద్వారము లేక జన్మించి మృత్యుముఖమున నున్న ఒక శిశువు పెద్దప్రేగును ఉదరముమీద తెరచి ప్రాణము నిలిపెను. ఆ శిశువు పెరిగి పెద్దవాడై 45 ఏండ్లు జీవించెను. ప్రాణము నిలుపు విద్య అంత పాతదే గాని, నిలిచిన ప్రాణమునకు గౌరవమైన జీవనము కల్పించు విద్య మరి నూటయేబది సంవత్సరములకు గాని రాలేదు. అంతవరకు ఆ శస్త్రచికిత్స పొందినవారు గుడ్డపీలికలతోను, పట్టీలతో బిగించిన పాత్రలతోను, రబ్బరుతిత్తులతోను కాలము వెళ్లబుచ్చిరి. చిన్నప్రేగునుండి స్రవించు ద్రవమున జీర్ణరసములుండును; అవి చుట్టునున్న చర్మమును ఒరసి పుండుచేయును. ఆ పుండుమీద ఏ సంచియు అతుకదు. అతుకని సంచి కారును. కారిన కొలది పుండు పెరుగును. అట్టి దుఃస్థితిలో నున్నవానిని పరుగుపందెమునకు పొమ్మనుట క్రౌర్యమే యగును. నేనును ఆ కాలమున నుండినచో, ఇంటిపట్టున ఉండుమనియే చెప్పియుందును.

కాని ఆ కాలము గతించి డెబ్బది సంవత్సరములైనది. 1952లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హాం నగరపు శస్త్రవైద్యుడు బ్రయన్ బ్రూక్, ప్రేగు కొనను చొక్కాచేతి అంచు మడిచినట్లు వెలుపలికి మడిచి చర్మమునకు కుట్టు పద్ధతిని ప్రకటించెను. దానివలన ఆ కొన చర్మమునకు కొంత ఎత్తుగా నిలిచి, ద్రవము చర్మము నంటక నేరుగా సంచిలో పడుట సాధ్యమైనది. ఆ దినములలోనే అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యశాలయందు రూపర్ట్ టర్న్‌బుల్ అను శస్త్రవైద్యుడు, కట్టుడుపండ్లను పట్టి నిలుపుటకు వాడు కరాయా జిగురుపొడి, తడిసిన చర్మము నంటి కాపాడునని కనుగొనెను. 1954లో డెన్మార్కుదేశపు నర్సు ఎలీసె సోరెన్సెన్, తన సోదరి థోరా ఈ శస్త్రచికిత్స పిమ్మట నలుగురిలోనికి పోవుటకు జంకి ఇంట ముడుచుకొనిపోవుట చూచి ఓర్వలేక, చర్మమునకు అంటించి, వాడి పారవేయదగిన సంచిని కల్పించెను. ఈనాడు లోకమంతట లక్షలమంది ధరించు సంచికి అదియే మూలరూపము. ఈ చరిత్రను ప్రతిపక్షులు ఒక్కమారు నిదానముగా ఆలోచింపవలెనని నా ప్రార్థన. ఏ సంచిని చూపి ఇంటిపట్టున ఉండుమని చెప్పుచున్నారో, ఆ సంచి పుట్టినదే ఒక స్త్రీ ఇల్లు వెడలి బయటికి పోగలుగుటకు. ఆ సాధనము నంగీకరించి, దాని ప్రయోజనమును నిరాకరించుట ఎట్టి న్యాయము?

కరాయా జిగురు మాట వచ్చినది గనుక ఇంకొక్క ముచ్చట. అది అన్యదేశపు రసాయనశాలలలో పుట్టినది కాదు. భారతదేశపు అడవుల సరకు. మన తెలుగు మన్యములయందును గిరిజనులు తపసిచెట్టు మానుకు గాట్లు పెట్టి, స్రవించి గడ్డకట్టిన తపసిబంకను ఏరి తెత్తురు. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా నేర్పడిన గిరిజన సహకార సంస్థ వారివద్ద కొను అటవీఫలసాయములలో అదియు నొకటి. నీటి నెన్నో రెట్లు పీల్చి ఉబ్బు గుణము దానికి కలదు. ఆ గుణమే ఎందరెందరి ఉదరచర్మమును పుండుపడకుండ కాచి, వారిని శయ్యపైనుండి లేపి వీథిలోనికి నడిపించినది. తరువాత కృత్రిమపదార్థములు దాని స్థానము నాక్రమించినవి. ఐనను, ఈ విముక్తికి చేయూత నిచ్చిన చెట్టు పెరుగు నేలమీదనే, విముక్తులైనవారిని తిరిగి మూలగదిలో కూర్చుండబెట్టు మాటలు ఇంత బలముగా వినవచ్చుట నాకు ఎంతో బాధ కలిగించుచున్నది.

ఇంక అపాయముల మాట. అవి లేవని నేను చెప్పను. లేవని చెప్పువాడు స్టోమా (ఉదరముమీద తెరచిన ప్రేగు ముఖము) ధరించినవారికి మిత్రుడు కాడు. పెద్దప్రేగు ముఖ్యకార్యము నీటిని, లవణమును తిరిగి రక్తమునకు చేర్చుట. దానిని పోగొట్టుకొని చిన్నప్రేగు కొనయే స్టోమాగా నున్నవానికి దినమునకు అరలీటరు మొదలు లీటరువరకు ద్రవము సంచిలోనికి పోవుచుండును; దానితో ఉప్పును పోవును. అట్టివాడు ఎండలో పరుగెత్తి, దాహమైనదని ఒట్టి మంచినీళ్లే కడవెడు త్రాగినచో, దాహము తీరక పోగా రక్తమునందలి ఉప్పు పలుచనై సొమ్మసిల్లును. దీనికి మందు మన ఊరి ప్రతి మందులదుకాణములోను దొరకు ఓఆర్ఎస్ పొట్లమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున డాక్టర్ దిలీప్ మహలానబీస్ కలరా రోగులను వేలకొలది బ్రతికించినది అట్టి ఉప్పునీరే. ఇక రెండవది: ప్రేగును వెలుపలికి తెచ్చినచోట ఉదరకుడ్యము బలహీనమై యుండును గనుక, గాయము మానకముందే బరువు లెత్తినచో అచ్చట హెర్నియా ఏర్పడవచ్చును. కనుక నెలలకొలది ఓర్మి వలయును, కడుపుకండరములను క్రమక్రమముగా బలపరచు వ్యాయామము వలయును, ఆసరాపట్టీ వలయును. స్టోమాకు నొప్పి తెలియజేయు నాడులు లేవు. దెబ్బ తగిలినను తెలియకపోవచ్చును. అందువలన దానిని కంటితో చూచుకొనుటయే మార్గము. ఆకాశమున కెగసిన కొలది వాయుపీడనము తగ్గును. అయిదువేల అయిదువందల మీటర్ల యెత్తున అది సముద్రతీరమునందలి దానిలో సగమే. సంచిలోని గాలి అచ్చట రెట్టింపగును. కాబట్టి విమానమెక్కుటకు ముందు సంచిని ఖాళీచేసికొనవలెను. గాలిని మెల్లగా విడుచు బొగ్గువడపోతగల సంచిని ధరింపవలెను.

ఈ జాబితాను చదివి, “చూచితిరా, ఇన్ని అపాయములు!” అని ప్రతిపక్షులు సంతోషింపవచ్చును. కాని ప్రతి యపాయము ప్రక్కను దాని నివారణ నిలిచి యుండుట వారు గమనింపలేదు. అంతకన్న ముఖ్యమైనది, ఆ నివారణలను నిత్యము ఆచరించువాడు ఎవడో గమనింపలేదు. స్టోమాధారి ప్రాతఃకాల కృత్యమును దగ్గరనుండి చూచినవారికి ఇది తెలియును. ఏమియు తినకముందు, ప్రేగు నెమ్మదిగా నున్న వేళ, అతడు పాతసంచిని చర్మము నొక చేత అదిమిపట్టి, పైనుండి క్రిందికి మెల్లగా ఒలుచును. గోరువెచ్చని నీటితో చుట్టును తుడిచి, పొడిబట్టతో తడియారువరకు అద్దును. ఎర్రగా, తడిగా మెరయు స్టోమాను పరీక్షగా చూచి, రంగు మారినదా, వాచినదా, రక్తము కనబడుచున్నదా అని విచారించును. కొలతకాగితము పెట్టి, వంకరకత్తెరతో క్రొత్తసంచి పలకలో రంధ్రము కత్తిరించును. ఆ రంధ్రము స్టోమాకంటె రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దది కావలెను. అంతకు మించినచో చర్మము చెడును, తగ్గినచో స్టోమా ఒరసికొనును. పలకను అరచేతుల నడుమ కొంతసేపు వెచ్చజేసి, అంటించి, దానిమీద చేయి వేసి నిమిషములు లెక్కించుచు కూర్చుండును. తన దేహమును ఇంత శ్రద్ధతో, ఇంత నిర్భయముగా, కన్నులు తిప్పుకొనక చూచుకొను అలవాటు ఆరోగ్యవంతులమని విఱ్ఱవీగు మనలో ఎందరికి కలదు? అపాయమును తూచుట అతనికి దినచర్య. అట్టివాడు దూకుటకు నిశ్చయించెననగా, తెలియక దూకుచున్నాడని మనము చెప్పుట అవివేకము.

ఆచరణమున నిరూపించినవారు లేరా? ఉన్నారు. కెనడా దేశస్థుడు రాబ్ హిల్ క్రోన్స్ అను ప్రేగువ్యాధివలన పెద్దప్రేగును కోల్పోయి, ఇలియోస్టమీ (చిన్నప్రేగు స్టోమా) సంచితో ఏడు ఖండముల అత్యున్నతశిఖరముల నధిరోహించెను. 2010లో ఎవరెస్టు నెక్కెను. 8,848 మీటర్ల యెత్తున, గాలి సముద్రతీరమునందలి దానిలో మూడవవంతు మాత్రమే యుండి, మంచును కరగించి గాని త్రాగునీరు లభింపనిచోట, నీటిని నిలుపుకొను అవయవమే లేని దేహముతో అతడు నిలిచెను. ప్రేగువ్యాధులను గూర్చి జనులు సిగ్గువిడిచి మాటాడవలెననియే అతడు ఆ యాత్ర సాగించెను. బ్రిటనునందు రేడియో వ్యాఖ్యాత్రి అడెల్ రాబర్ట్స్‌కు 2021లో ప్రేగు క్యాన్సరు బయటపడినది, స్టోమా అమర్చబడినది. ఆమె దానికొక ముద్దుపేరు పెట్టి, దానిని గూర్చి బహిరంగముగా మాటాడి, 2023 ఏప్రిల్‌లో లండన్ మారథానును 3 గంటల 30 నిమిషముల 22 సెకనులలో ముగించి, ఇలియోస్టమీ ధరించిన స్త్రీలలో అత్యంతవేగముగా మారథాను పరుగెత్తినట్లు గిన్నిస్ గ్రంథమున కెక్కినది. చికిత్స ముగిసి సంవత్సరమైన నిండని స్త్రీ 42 కిలోమీటర్లు పరుగెత్తిన ఈ వేగమును, ఏ వ్యాధియు నెరుగని సామాన్యులు ఎందరో అందుకొనలేరు.

విజ్ఞులైన ప్రతిపక్షులు ఇచ్చట ఒక బలమైన సాక్ష్యమును తెత్తురు. దానిని దాటవేయుట నాకు తగదు. స్కాట్లండులోని టేసైడ్ ప్రాంతపు వైద్యులు అయిదేండ్లపాటు ధర్మార్థముగా పారాచూట్ దూకినవారి గాయములను లెక్కించి 1999లో ప్రకటించిరి. ఆ దూకుళ్లవలన ధర్మకార్యములకు చేరిన ప్రతి పౌనునకు, ప్రభుత్వవైద్యసేవకు 13 పౌనుల 75 పెన్నీలు వ్యయమైనట్లు వారు తేల్చిరి. ఇది గంభీరమైన ఆక్షేపణ. కాని అది ఎవరిమీది ఆక్షేపణ? విరిగిన కాళ్లు ఆరోగ్యవంతులైన క్రొత్తవారివి. స్టోమాకును ఆ లెక్కకును సంబంధము లేదు. ఆ లెక్కనుబట్టి తేలునది, శిక్షణ చాలని కొత్తవారిని దూకించుట ఎవరికైనను తగదని. అంతేకాని సంచి ధరించినవారికి మాత్రము తగదని కాదు. శిక్షకుని దేహమునకు కట్టుకొని దూకు టాండెం పద్ధతియందు పారాచూటును నడపి నేలకు దింపు భారము శిక్షకునిది. స్టోమాధారి చూచుకొనవలసినది, తొడలమీదను నడుముమీదను బిగియు పట్టీలు స్టోమామీదుగా పోకుండుట. ఇలియోస్టమీ సాధారణముగా ఉదరమునకు కుడివైపునను, కోలోస్టమీ (పెద్దప్రేగు స్టోమా) ఎడమవైపునను ఉండును గనుక, నేలమీదనే, సంచి ధరించియే, పట్టీలు కట్టి, కూర్చుండి, వంగి సరిచూచుకొనవలెను. అవసరమైనచో స్టోమాపై గట్టికవచము ధరింపవలెను. ఖర్చు సంగతియు అంతే: దూకుటకైన రుసుమును దాతల ధనములోనుండి గాక తన చేతినుండి చెల్లించువాని దానము నిర్మలము. ఈ నియమమును నేను అందరికిని విధింతును. ఒక్క రోగికే విధింపను.

వైద్యమున్ను లెక్కయు ప్రతిపక్షమును ఇట్లు విడిచిపోయిన పిమ్మట మిగిలినదేమి? మిగిలినది జుగుప్స. మలము దేహమున లోపలనున్నంతవరకు మనకు దానితో పేచీ లేదు. ఒకని దేహమున అది కొన్ని అంగుళములు ముందుగా వెలువడినంతనే అతడు అశుచియైపోవును. మన యిండ్లలో ఏమి జరుగుచున్నదో చెప్పుకొనుటకు సిగ్గుపడరాదు. “పొట్టకు సంచి పెట్టారట” అను మాట చెవి కొరికి చెప్పుదురు. ఆ యింటి ఇల్లాలు దేవుని గదిలోనికి పోవుటకు తానే సందేహించును. పెండ్లిపంక్తిలో కూర్చుండుటకు జంకును. కూతురు పెండ్లిమాటలు ముగియువరకు సంగతి పొక్కనీయరు. “కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది” అను సామెత మనవారికి కంఠస్థము. నిజముగానే కడుపు చించబడి, కుట్టబడి, బ్రతికివచ్చినవారికి ఆ సామెతను వినిపించి నోరు మూయించుటకంటె కఠినమైన పని యేమున్నది? ఈ మౌనమువలన చచ్చువారున్నారు. మలమున రక్తము పడుచున్నను వైద్యునితో చెప్పక దాచువారున్నారు. సంచి పెట్టుదురను భయముతో శస్త్రచికిత్స వలదని నాటుమందుల వెంట పడి, మానదగిన క్యాన్సరును ముదురబెట్టుకొనువారున్నారు. మారథాను పరుగెత్తు స్టోమాధారిని చూచి, సంచి అనగా జీవితాంతము కాదని గ్రహించి ఆసుపత్రికి పోవువాడొక్కడున్నను, ఆ పరుగు ఆడంబరమని చెప్పుటకు నాకు నోరు రాదు.

అన్నింటికంటె లోతుగా నాటుకొన్న దోషము మరియొకటి కలదు. రోగి మన దృష్టిలో నిత్యము పుచ్చుకొనువాడు. పండ్లు తెచ్చి యిత్తుము, చందాలు పోగుచేసి యిత్తుము, జాలి యిత్తుము. అతడు చేయి చాచి తీసికొనుచుండినంతకాలము అతనియెడ మన మనస్సు మెత్తగానే యుండును. ఆ చేయి తిరిగి, ఇచ్చు చేయి కాదలచినప్పుడే మనకు కలవరము పుట్టుచున్నది. ఆరోగ్యవంతుడు అనాథల కొరకు కొండ యెక్కినచో అతనికి పూలమాల వేయుదుము, సంచి ధరించినవాడు ఎక్కెదనన్నచో, “నీకే దిక్కు లేదు, నీవొకరికి సాయమా?” అందుము. ఈ అసమానతయే నన్ను కలము పట్టించినది. అమెరికా ఫుట్‌బాల్ క్రీడాకారుడు రోల్ఫ్ బెనిర్ష్కె శాన్‌డియాగో జట్టున ఆడుచుండగా 1979లో అల్సరేటివ్ కోలైటిస్ అను పెద్దప్రేగు వ్యాధితో కూలి, శస్త్రచికిత్సలు పొంది, ఎముకలగూడై మిగిలెను. మరుసటి యేడే అతడు ఉదరమున సంచితో మైదానమునకు తిరిగివచ్చి, తన పాదఘాతములతో శాన్‌డియాగో జంతుప్రదర్శనశాలయందు అంతరించిపోవు ప్రాణుల సంరక్షణకు ధనము సమకూర్చెను. 1983లో ఆ క్రీడాసమాఖ్య అతనిని ఆ యేటి ఉత్తమపురుషునిగా గౌరవించెను. ఇచ్చుట అతని చికిత్సలో చివరిఘట్టమని నా దృఢవిశ్వాసము. వ్యాధి మనుష్యునినుండి అవయవమునే గాక, ఒకరికి ఉపయోగపడుదునను ధైర్యమునుగూడ హరించును. అవయవము తిరిగిరాదు, ధైర్యము మాత్రము రాగలదు. వచ్చుచున్న దానికి మనము అడ్డుపడరాదు.

సంచి ధరించిన ప్రతివాడును ఎవరెస్టు నెక్కవలెనని నా యభిప్రాయము కాదు. అట్లు శాసించు పొగడ్తలును చెడ్డవే. వీరులను చూపి, “వాళ్ళు పరుగెత్తితే నీవు మంచము దిగలేవా?” అని నీరసించినవానిని ఎత్తిపొడుచువారియెడ నాకు గౌరవము లేదు. ఇంటిపట్టున ఉండదలచినవాడు సంపూర్ణగౌరవముతో ఉండవచ్చును. కాని ఆ నిశ్చయము అతనిది కావలెను, పొరుగువారిది కారాదు.

ఈ సాహసముల ధనము పోవలసినచోటు మన కన్నులయెదుటనే యున్నది. ఒక్కొక్క సంచి ధర వందలరూపాయలు. కూలిచేసి బ్రతుకు కుటుంబములు దానిని కడిగి, ఎండబెట్టి, అంటని పలకను మరల అంటించి, పుండ్లుపడి బాధపడుచున్నవి. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టమునందు లెక్కించిన 21 వైకల్యములలో ఈ స్థితికి చోటు లేదు. ప్రభుత్వము కన్ను తెరచులోపల సంచులు కొనియిచ్చుటకు, జిల్లా ఆసుపత్రులకు స్టోమా సంరక్షణ నేర్చిన నర్సుల నిచ్చుటకు, పరుగులు పెట్టి ధనము కూర్చుట మన నగరములకు అసాధ్యము కాదు. హైదరాబాదున ఏటేట మారథాను జరుగుచునేయున్నది. అట్టి పరుగు నిర్వహించువారు దారిపొడుగున ఉప్పునీటి పొట్లములు, నీటివసతియు తలుపుగడియయు గల మరుగుదొడ్లు, వాటిలో సంచి మార్చుకొనుటకొక బల్లయు, పాతసంచి వేయుటకొక మూతబుట్టయు ఏర్పరుపవలెను. పేరు వ్రాయించుకొనుటకు వచ్చిన స్టోమాధారిని, వైద్యుని అనుమతిపత్రము తెచ్చినారా, ఏ మజిలీలో ఏమి కావలెను అని అడిగి, మిగిలినవారికిచ్చినట్లే ఒక సంఖ్యాపత్రము నతని చేతికీయవలెను.